పెరటి కోళ్ల కొనుగోలు, పొదుగు, అమ్మకం: సీజన్ మొదలవక ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంటి వెనుక పదో పదిహేనో కోళ్లను పెంచుకునేవారి మధ్య కొనుగోళ్లూ మార్పిళ్లూ ఏడాది పొడవునా జరుగుతూనే ఉన్నా, పెట్టలు గుడ్లకు వచ్చి పిల్లలు బయటికి వచ్చే నెలల్లో అవి ఒక్కసారిగా పెరుగుతాయి. ఒకరి పుంజు మరొకరి గూటికి చేరుతుంది, ఒకరి గుడ్లు మరొకరి పెట్ట కింద పొదగబడతాయి, గంపలూ పంజరాలూ చెప్పులూ ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి తిరుగుతాయి. రోగాలూ అదే దారిన వస్తాయి. పెద్ద ఫారాల్లో సాధారణంగా ఒకే వయసు కోళ్లను ఒకేసారి దించి, ఒకేసారి ఖాళీ చేసి, షెడ్డును కడిగి ఆరబెట్టిన తరువాతే కొత్త బ్యాచి తెస్తారు. పెరట్లో అన్ని వయసుల కోళ్లూ కలిసి తిరుగుతాయి, గూడు ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాదు, కాబట్టి ఒకసారి లోపలికి వచ్చిన రోగానికి బయటికి పోవలసిన అవసరమే కలగదు.

కొత్తగా ఈ సరదాలోకి దిగినవారు రెక్కలు వాల్చి మూలన కూర్చున్న కోడిని చూసి జాగ్రత్తపడతారు గాని, నిగనిగలాడుతున్న పెద్ద కోడిని చూసి భయపడరు. అసలు ప్రమాదం ఆ రెండో దానిలోనే ఎక్కువగా ఉంటుంది. మైకోప్లాస్మా అనే శ్వాసకోశ వ్యాధి వచ్చి తగ్గిన కోడి పైకి పూర్తిగా కోలుకున్నట్లే కనిపిస్తుంది, మందులకు దగ్గు తగ్గుతుంది, కానీ క్రిమి ఒంట్లోంచి పోదు. ప్రయాణపు అలసట, వాతావరణ మార్పు, గుడ్లకు రావడం వంటి ఒత్తిడి కలిగినప్పుడల్లా అది మళ్లీ బయటపడి పక్కనున్న కోళ్లకు అంటుకుంటుంది. గొంతువాపు రోగంగా చెప్పుకోదగిన లారింగోట్రాకియైటిస్ విషయంలోనూ అంతే. మారెక్స్ వ్యాధి వైరస్ ఈకల మూలాల నుంచి రాలే పొట్టులో నెలల తరబడి బతుకుతుంది, పైగా దాని టీకా కోడిని గడ్డల నుంచీ పక్షవాతం నుంచీ కాపాడుతుందే తప్ప వైరస్ సోకకుండా గాని, ఇతర కోళ్లకు వ్యాపించకుండా గాని ఆపలేదు. అందువల్ల ఎంచుకునే వీలున్నప్పుడు పొదిగించడానికి గుడ్లు, అవి కాకపోతే టీకా వేసిన ఒకరోజు పిల్లలు, ఆ తరువాతే ఎదిగిన కోళ్లు అన్న వరుసను పాటించడం మంచిది. అలాగని గుడ్డు పూర్తిగా సురక్షితమని కాదు. మైకోప్లాస్మా, పిల్లలను తెల్లపారుడుతో చంపే సాల్మొనెల్లా పుల్లోరం, ఈ రెండూ తల్లి నుంచి గుడ్డు ద్వారానే పిల్లకు చేరగలవు. గుడ్లు కొన్నా ఏ మంద నుంచి కొంటున్నామో చూడవలసిందే.

కొనడానికి వెళ్లినప్పుడు కోడిని వెంటనే చేతికి తీసుకోకుండా, కొంచెం దూరంగా నిలబడి మంద మొత్తాన్ని కాసేపు గమనించాలి. మనిషిని చూడగానే కోళ్లు రోగాన్ని కొంతవరకు దాచుకుంటాయి, కాసేపటికి మరచిపోయి మామూలుగా మెలగుతాయి. తరువాత కోడిని పట్టుకుని, దాని వీపును చెవి దగ్గరకు తెచ్చి ఊపిరి వినాలి. గురగుర గాని ఈల వంటి చప్పుడు గాని ఉండకూడదు. కంటి మూలలో నురగ, ముక్కు రంధ్రాల చుట్టూ అంటుకున్న మేత పొడి, రెక్క కింద ముక్కు తుడుచుకున్న మరక కనిపిస్తే ఆ కోడితో పాటు ఆ మందనే వదిలేయాలి. తోక కింద ఈకలను వేళ్లతో విడదీసి చూస్తే, పేలు ఉన్న కోడికి ఈక మొదళ్లలో తెల్లని గుడ్లు గుత్తులుగా అతుక్కుని కనిపిస్తాయి. కాళ్ల పొలుసులు లేచి గరుకుగా ఉంటే వాటి కింద నల్లి చేరిందని అర్థం. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలితే, ఈకలు ఎంత నిండుగా ఉన్నా ఆ కోడి లోపల ఎండిపోతున్నట్టే. ఎర్రనల్లి మాత్రం పగలు కోడి మీద దొరకదు. అది గూటి చెక్కల పగుళ్లలో దాక్కుని రాత్రి పూట రక్తం పీల్చుతుంది గనుక, కోళ్లు ఎక్కి కూర్చునే కర్ర అడుగున తెల్లని గుడ్డతో తుడిచి, గుడ్డకు ఎర్రని చారలు అంటాయేమో చూడాలి.

అమ్మేవారిని అడగవలసినవి కూడా ఉన్నాయి: ఈ మందలో చివరిసారి కోడి ఎప్పుడు చనిపోయింది, బయటి కోడి ఎప్పుడు చేరింది, ఏ టీకాలు ఏ తేదీన వేశారు, ఈ మధ్య ఏ మందులు వాడారు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పేవారి దగ్గర ధర కొంచెం ఎక్కువైనా కొనవచ్చు. పలు చోట్ల నుంచి వచ్చిన కోళ్లను ఒకే పంజరంలో కుక్కి అమ్మే సంతల్లో కొనడం, నీరసంగా ఉన్న కోడిని జాలిపడి ఇంటికి తెచ్చుకోవడం, ఈ రెండూ చేయకుండా ఉంటే చాలా మందలు బతికిపోతాయి.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీయకుండా, గాలి ఆడే పెట్టెలో, ఎండ తగలకుండా తేవాలి. ఒకరోజు పిల్లల కడుపులో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు వాటిని బతికిస్తుంది గాని, ఇల్లు చేరగానే మొదట నీరు, తరువాత మేత ఇవ్వాలి.

ఇంటికి తెచ్చిన కోడిని పాత మందలో కలపకుండా కనీసం 30 రోజులు వేరుగా ఉంచడం ఈ జాగ్రత్తలన్నింటిలో ముఖ్యమైనది, అందరూ ఎగ్గొట్టేదీ అదే. అదే గూటిలో మధ్యన జాలీ కట్టి వేరుగా ఉంచామనుకోవడం ఏ లెక్కన చూసినా వేరుగా ఉంచడం కాదు, ఎందుకంటే తుమ్ముకూ దుమ్ముకూ జాలీ అడ్డు కాదు. కొత్త కోళ్ల కోసం పాత గూటికి వీలైనంత దూరంలో, వాటి వైపు నుంచి వచ్చే గాలి ఆ గూటికి తగలని చోటు చూడాలి. మేత పాత్రలు, నీటి పాత్రలు, చెప్పులు విడిగా కేటాయించాలి. రోజూ ముందు పాత మంద పని ముగించుకుని, ఆ తరువాతే కొత్త వాటి దగ్గరకు వెళ్లి, తిరిగి వచ్చాక చేతులూ కాళ్లూ సబ్బుతో కడుక్కోవాలి. కొక్కెర తెగులు (రాణిఖేత్) సోకిన కోడిలో లక్షణాలు సాధారణంగా 5, 6 రోజులకు, ఆలస్యమైతే 15 రోజుల వరకు బయటపడతాయి; రక్తపారుడు వారం లోపే తెలుస్తుంది; ప్రయాణపు ఒత్తిడికి దాగి ఉన్న శ్వాసకోశ రోగం పైకి రావడానికీ ఈ గడువు చాలావరకు సరిపోతుంది. ఈ లోగా రెట్టను పశువైద్యశాలలో పరీక్ష చేయిస్తే ఏలికపాములూ రక్తపారుడు క్రిములూ ఉన్నదీ లేనిదీ తేలుతుంది. పేలకు మందు చల్లితే ఒక్కసారితో ఊరుకోకూడదు, గుడ్లు ఆ మందుకు చావవు గనుక 7 నుంచి 10 రోజుల్లో మళ్లీ చల్లాలి.

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఇంకొకటి ఉంది. చివరి రెండు వారాల్లో పాత మందలోంచి ఒక మామూలు పెట్టను తెచ్చి కొత్త కోళ్లతో కలిపి ఉంచుతారు. పైకి కనిపించని రోగం కొత్త వాటిలో ఉంటే చాలాసార్లు ఆ పెట్టలో బయటపడుతుంది. ఇది కొంత కఠినంగా అనిపించినా, మంద మొత్తాన్ని పోగొట్టుకోవడంతో పోలిస్తే ఒక్క పెట్టను పణంగా పెట్టడం తెలివైన పనే అనాలి. వేరుగా ఉంచిన వాటిలో మధ్యలో ఇంకో కోడి వచ్చి చేరితే 30 రోజుల లెక్కను మొదటి నుంచి మొదలుపెట్టాలి.

టీకాలు సీజన్ నడుమ గుర్తుకు రావడం కన్నా ముందే పూర్తి కావాలి, ఎందుకంటే టీకా వేసిన తరువాత రోగనిరోధక శక్తి ఏర్పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. మారెక్స్ టీకాను పిల్ల పుట్టిన రోజే వేయాలి. కొక్కెర తెగులుకు మొదటి టీకాను మొదటి వారంలో, తరువాతి మోతాదులను ఆ ప్రాంతపు పశువైద్యుడు చెప్పిన వరుసలో వేయించాలి. కోళ్ల మశూచిని దోమలు వ్యాపింపజేస్తాయి కాబట్టి దాని టీకా దోమల కాలానికి ముందే రెక్క పొరలో పడాలి. 7 నుంచి 10 రోజుల్లో గుచ్చిన చోట చిన్న పొక్కు కడితేనే టీకా పనిచేసినట్లు. సీసాను కొన్నప్పటి నుంచి వాడేదాకా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి, తాగే నీటిలో కలిపే టీకాకు క్లోరిన్ కలిసిన కుళాయి నీరు వాడకూడదు. ఒక సీసాలో వందో అంతకన్నా ఎక్కువో మోతాదులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలి, పది కోళ్లున్నవారు అంతటి సీసా కొనడానికి వెనుకాడడం సహజం. చుట్టుపక్కల కోళ్లు పెంచేవారు ఒకే రోజు పెట్టుకుని సీసాను పంచుకుంటే ఈ ఇబ్బంది తీరుతుంది. అయితే మందు కోళ్ల దగ్గరకు వెళ్లాలి గాని, కోళ్లన్నీ మందు దగ్గరకు రాకూడదు.

పొదుగు విషయానికి వస్తే, ఒక పుంజుకు 8 నుంచి 10 పెట్టలు సరిపోతాయి. మేలు జాతి గుడ్లని చెప్పి అమ్మదలచినవారు వేరే పుంజును తీసేసిన తరువాత కనీసం మూడు వారాలు ఆగాలి, ఎందుకంటే పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు వారాలకు పైగా పనిచేయగలదు. గుడ్లను సన్నని కొన కిందికి ఉండేలా, 13 నుంచి 16 డిగ్రీల చల్లదనంలో నిలవచేసి వారం లోపు పొదుగుకు పెట్టాలి. మురికి గుడ్డును చన్నీటితో కడిగితే క్రిములు పెంకు రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి గనుక దాన్ని పక్కన పెట్టడమే మేలు. ఫ్యాను ఉన్న ఇంక్యుబేటరును 37.5 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఖాళీగా నడిపి, వేరే థర్మామీటరుతో సరిచూసుకున్న తరువాతే గుడ్లు పేర్చాలి. కోడిగుడ్లకు 21 రోజులు, బాతు గుడ్లకు 28 రోజులు పడుతుంది. కోడిగుడ్లను 18వ రోజు నుంచి తిప్పడం ఆపి తేమను పెంచాలి. పెట్ట కిందే పెట్టేవారు ఆ పెట్టకు ముందుగా పేలు వదిలించాలి, లేకపోతే మూడు వారాలు కదలకుండా కూర్చున్న పెట్ట రక్తం తగ్గి గూట్లోనే చనిపోవచ్చు.

పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఇచ్చి, తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఆ వెచ్చదనం ఇచ్చే బ్రూడరు బల్బును వైరుకే వేలాడదీయకుండా గట్టి గొలుసుతో కట్టాలి, ఎండు పొట్టు మీద అది జారి పడితే కాలేది పిల్లలు ఒక్కటే కాదు. గుడ్ల పెట్టల దాణాను పిల్లలకు పెట్టకూడదు, అందులో ఎక్కువగా ఉండే సున్నం (కాల్షియం) వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూడు నుంచి ఆరు వారాల వయసులో రక్తపారుడు ఎక్కువ కాబట్టి ఆ రోజుల్లో పడక పొట్టు తడవకుండా చూడాలి.

అమ్మకంలో దాపరికం వల్ల వచ్చే లాభం ఒక సీజనుకు మించి నిలవదు. ఒకరోజు పిల్లల్లో పుంజేదో పెట్టేదో కొన్ని ప్రత్యేక జాతుల్లో, సంకరాల్లో తప్ప రంగును బట్టో ఈకలను బట్టో చెప్పలేము. తెలియనప్పుడు తెలియదనే అమ్మాలి. మందు వాడిన కోడి గుడ్లను, మాంసాన్ని ఆ మందు ఒంట్లోంచి పోవడానికి చెప్పిన గడువు ముగిసేవరకు తినడానికి అమ్మకూడదు. మందలో ఒక్క కోడికి తుమ్ములు మొదలైనా ఆ వారం అమ్మకాన్నే ఆపాలి, బాగున్న వాటిని ఏరి అమ్మడం కాదు. కొనేవారిని గూటిలోకి తీసుకుపోకుండా కోళ్లనే గేటు దగ్గరకు తెచ్చి చూపడం, పట్టుకెళ్లిన అట్టపెట్టెను తిరిగి తీసుకోకపోవడం మర్యాదకు లోటేమీ కాదు. పోటీకో ప్రదర్శనకో వెళ్లి అమ్ముడుపోకుండా తిరిగి వచ్చిన సొంత కోడిని కూడా కొత్త కోడి కిందే లెక్కించి విడిగా ఉంచాలి.

వలస పక్షులు వచ్చే నెలల్లో బర్డ్ ఫ్లూ భయం వేరు. బాతులు ఏ లక్షణమూ చూపకుండానే ఆ వైరస్‌ను మోయగలవు, కాబట్టి వాటినీ కోళ్లనూ కలిపి పెంచకూడదు, అడవి పక్షులు దిగే చెరువు నీటిని కోళ్లకు పోయకూడదు. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 రకం 18 మందికి సోకి, వారిలో ఆరుగురు మరణించారు. కోళ్లు తలలు వాచి, జుట్టూ తమ్మెలూ నీలిరంగుకు తిరిగి, ఒకటి రెండు రోజుల్లోనే వరుసగా చనిపోతుంటే వాటిని వట్టి చేతులతో తాకకుండా, కోసుకు తినకుండా, పారవేయకుండా పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. ఆపైన గత నెలరోజుల్లో మన దగ్గర కోడి గాని గుడ్డు గాని కొన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయాలి. అందుకే అమ్మిన ప్రతిసారీ ఎవరికి, ఏ తేదీన, ఏ గూటి కోడిని ఇచ్చామో, వారి నంబరు ఏమిటో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచుకోవాలి.