సీడీఎన్‌ఏ తయారీ, మూడవ పాఠం: ప్రైమర్ రూపకల్పన

రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైమ్ ఎంఆర్‌ఎన్‌ఏను (జన్యువు సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏను) చదివి సీడీఎన్‌ఏను (దానికి జతపడే డీఎన్‌ఏ నకలును) నిర్మిస్తుందని గత పాఠంలో చూశాం. అయితే ఆ ఎంజైమ్ మొదటి న్యూక్లియోటైడ్‌ను తనంతట తాను పెట్టలేదు. ముందే ఎంఆర్‌ఎన్‌ఏకు అతుక్కొని ఉన్న ప్రైమర్ (చిన్న డీఎన్‌ఏ ముక్క) 3′ కొసకు (పోగు పెరిగే చివరకు; రెండవ చివర 5′) ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవడమే దానికి తెలిసిన పని. కాబట్టి ఆ కొస ఎక్కడ పడుతుందన్నదే మన మొదటి ప్రశ్న.

ఎంఆర్‌ఎన్‌ఏలో 5′ నుంచి 3′ వైపుగా జి-సి-యు-ఏ-ఏ-జి అనే వరుస ఉందనుకుందాం. జతపడే క్షారాలను (ఏకు టి, యుకు ఏ, జికి సి, సికి జి) అదే క్రమంలో కింద రాస్తే సి-జి-ఏ-టి-టి-సి వస్తుంది. దీన్నే ఆర్డరు చేస్తే ప్రైమర్ అతుక్కోదు. రెండు పోగులు ఎదురు దిశల్లో జతకూడతాయి గనుక మనం రాసినది 3′ నుంచి మొదలైన వరుస. దానిని తిరగేసి సి-టి-టి-ఏ-జి-సి అని రాయాలి.

ఎంఆర్‌ఎన్‌ఏ 3′ కొసన వరుసగా ఏలే ఉండే పాలీ-ఏ తోకకు అతికే ఒలిగో-డీటీ (టీలే ఉన్న ప్రైమర్)లో వరుస సమస్య లేదు, చోటు సమస్య ఉంది. క్షీరదాల్లో దాదాపు 200 ఏల వరకు సాగే తోకలో 18 టీల ప్రైమర్ ఎక్కడైనా కూర్చోగలదు. అందుకే 3′ కొసన మరో రెండు క్షారాలు చేరుస్తారు: మొదటిది టి తప్ప ఏదైనా, రెండవది నాలుగింటిలో ఏదైనా. టి కాని ఆ క్షారం తోకలోని ఏతో జతపడదు గనుక ప్రైమర్ తోక మొదలయ్యే చోటికే కట్టుబడుతుంది. ఈ చిన్న మార్పు ఎప్పుడూ చేయదగినదే. తోక లేని హిస్టోన్ ఎంఆర్‌ఎన్‌ఏలకు మాత్రం ఒలిగో-డీటీ పనికిరాదు. అక్కడ ర్యాండమ్ హెక్సామర్లు (యాదృచ్ఛిక వరుసలున్న ఆరు క్షారాల ప్రైమర్లు) వాడతారు, కానీ అవి రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏను కూడా నకలు చేస్తాయి.

ఒకే జన్యువు కావలసినప్పుడు 18 నుంచి 24 క్షారాల నిర్దిష్ట ప్రైమర్ చాలు. జి, సి కలిపి 40 నుంచి 60 శాతం ఉండాలి.

అభ్యాసం: 5′ నుంచి ఏ-యు-జి-జి-సి-సి-యు-యు-సి-జి-ఏ-యు-ఏ-సి-జి-జి-ఏ-సి అనే వరుసకు ప్రైమర్ రాయండి. జవాబు జి-టి-సి-సితో మొదలైతే దిశ సరైనదే. జి, సిల వాటా కూడా సరిపోతుంది. అయితే 3′ కొస దగ్గర జి-జి-సి-సి కనిపిస్తుంది, దాని జతను తిరగేసి రాసినా అదే వరుస వస్తుంది, అంటే ఇదే ప్రైమర్ నకళ్లు రెండు అక్కడ ఒకదానితో ఒకటి జతపడగలవు. నేనైతే ఈ చోటును వదిలి కొన్ని క్షారాలు పక్కకు జరుగుతాను. ఎటు జరగాలో, ఎంత జరగాలో వచ్చే పాఠంలో లెక్కకడదాం.