డిగ్రీ లెక్చరర్లకు ఐదు రోజుల టెక్నాలజీ ఎఫ్‌డీపీ: ఉపన్యాసాలు తగ్గించి పని చేయించడం ఎలా

కాలేజీలో టెక్నాలజీ మీద ఎఫ్‌డీపీ (ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్, అంటే అధ్యాపకులకు శిక్షణ) అంటే చాలాచోట్ల ఒకటే పద్ధతి. రోజుకు ఇద్దరు రిసోర్స్ పర్సన్లు, గంటన్నర చొప్పున స్లైడ్లు, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు, అది నింపగానే సర్టిఫికెట్. పదోన్నతి ఫైల్లో ఒక కాగితం చేరుతుంది, క్లాసులో మాత్రం ఏమీ మారదు. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ లెక్కలోకి రావాలంటే ఇలాంటి కార్యక్రమం కనీసం వారం, అంటే 5 రోజులు ఉండాలని 2018 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి ఐదు రోజులు ఎలాగూ పెట్టాల్సిందే. ఆ ఐదు రోజులూ ఒకే పనికి కేటాయించండి. ప్రతి లెక్చరరూ తన సిలబస్‌లోని ఒక్క యూనిట్‌ను మూడుల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. అందులో 30 ప్రశ్నల బ్యాంకు, ఎనిమిది నిమిషాల వీడియో, పిల్లలు వచ్చే వారమే రాయగలిగే పరీక్ష ఉండాలి. ఈ మూడింటికీ పనికిరాని సెషన్ ఎంత గొప్పదైనా పక్కన పెట్టేయండి.

పది రోజుల ముందే చేయాల్సినవి

తేదీలు ఖరారు చేసేముందు మిడ్ పరీక్షలు, ప్రాక్టికల్స్, స్పాట్ వాల్యుయేషన్ ఎప్పుడున్నాయో చూసుకోండి. వాల్యుయేషన్ డ్యూటీ పడితే సగం మంది రారు. వచ్చినవాళ్ల క్లాసులకు వర్క్ అడ్జస్ట్‌మెంట్ ముందే రాసి ప్రిన్సిపాల్ సంతకం తీసుకోకపోతే మధ్యాహ్నానికి ల్యాబ్ ఖాళీ అవుతుంది.

బ్యాచ్‌కు 24 మంది మించకూడదు. ఎనిమిది మందికి ఒక సహాయకుడు చొప్పున ముగ్గురు కావాలి. ఫైనలియర్ కంప్యూటర్స్ విద్యార్థులు ఈ పని బాగానే చేస్తారు గానీ, తన దగ్గర చదువుకునే పిల్లల ముందు తడబడటం సీనియర్ లెక్చరర్లకు ఇబ్బందిగా ఉంటుంది. అందుకని అడగరు, తెలిసినట్టే కూర్చుంటారు. వీలైతే ల్యాబ్ అసిస్టెంట్లను, జూనియర్ అధ్యాపకులను పెట్టండి. ఎవరిని పెట్టినా నియమం ఒక్కటే: నోటితో చెప్పాలి తప్ప లెక్చరర్ చేతిలోని మౌస్ ముట్టుకోకూడదు. సహాయకుడు చకచకా నొక్కేసి వెళ్లిన పని లెక్చరర్ ఇంటికెళ్లాక మళ్లీ చేయలేరు.

మీకు కంప్యూటర్ ఎంతవరకు వచ్చు అని ఫారంలో అడిగితే అందరూ ‘మధ్యస్థం’ అనే గుర్తు పెడతారు. దాని బదులు నాలుగు చిన్న పనులు ఇచ్చి పంపమనండి: మెయిల్లో వచ్చిన ఫైలు డౌన్‌లోడ్ చేసి పేరు మార్చడం, యూనికోడ్‌లో (ఏ సిస్టమ్‌లోనైనా కనిపించే ప్రామాణిక అక్షరాల్లో) రెండు తెలుగు వాక్యాలు టైప్ చేయడం, రెండు ఫైళ్లను జిప్ చేయడం, డ్రైవ్ లింకును ‘లింకు ఉన్నవాళ్లెవరైనా’ చూసేలా మార్చి పంపడం. ఎవరు ఎక్కడ ఆగారో అప్పుడు తెలుస్తుంది. జంటలు కట్టేటప్పుడు మాత్రం సామర్థ్యాన్ని బట్టి కాకుండా సబ్జెక్టును బట్టి కట్టండి. ఎకనామిక్స్ వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఒకరు రాసిన ప్రశ్నను ఇంకొకరు సరిచూడగలుగుతారు.

మెయిల్ ఖాతాలు శిక్షణ రోజున తెరిపించవద్దు. ఒకే కనెక్షన్ నుంచి ఇరవై మంది ఒకేసారి కొత్త ఖాతాలు తెరుస్తుంటే ఫోన్ ధ్రువీకరణ అడగడం, ఆపేయడం జరుగుతుంది. పాత ఖాతాలదీ ఇంకో తంటా. ఓటీపీ వెళ్లే నంబరు ఇంట్లో ఎవరిదో అయి ఉంటుంది.

ల్యాబ్‌లోనే మూడుల్ నడపడం

కాలేజీకి సొంత సర్వరు ఉంటే సరే. లేకపోయినా, నెట్ మీద నమ్మకం లేకపోయినా ల్యాబ్‌లోని ఒక మంచి పీసీలో మూడుల్ పెట్టి మిగతా సిస్టమ్స్‌ను లాన్ (ల్యాబ్ లోపలి నెట్‌వర్క్) ద్వారా కలపవచ్చు. విండోస్ కోసం ఎక్సాంప్‌తో (పీసీని వెబ్ సర్వరుగా మార్చే సాఫ్ట్‌వేర్) కలిపిన ప్యాకేజీని మూడుల్ వాళ్లే ఇస్తారు. ఇది శిక్షణకు, పరీక్షించి చూసుకోవడానికే. పిల్లల అసలు పరీక్షలకు దీన్ని వాడకండి. ఒక జీబీ ర్యామ్‌కు ఏకకాలంలో 10 నుంచి 20 మంది అని మూడుల్ డాక్యుమెంటేషన్‌లో ఉన్న మోటు లెక్కతో చూస్తే 24 మందికి 8 జీబీ పీసీ సరిపోతుంది.

దీంట్లో తరచూ దెబ్బతినే చోట్లు మూడు. మొదటిది, కాన్ఫిగ్ ఫైల్లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూరూట్ (సైటు చిరునామా) దగ్గర ‘లోకల్‌హోస్ట్’ (అంటే ఇదే పీసీ) అని వదిలేయడం. సర్వరు పీసీలో అంతా బాగానే కనిపిస్తుంది, మిగతా సిస్టమ్స్‌లో పేజీ తెరవగానే వాటి సొంత లోకల్‌హోస్ట్‌కే మళ్లించి ఎర్రర్ చూపిస్తుంది. అక్కడ సర్వరు ఐపీ చిరునామా రాయాలి. రెండోది, ఆ ఐపీ స్థిరంగా లేకపోవడం. సాయంత్రం కరెంటు పోయి రౌటర్ మళ్లీ మొదలైతే కొత్త ఐపీ వస్తుంది, మర్నాడు ఉదయం ఎవరికీ సైటు తెరుచుకోదు. అందుకే స్టాటిక్ ఐపీ ఇవ్వండి. మూడోది విండోస్ ఫైర్‌వాల్. పోర్ట్ 80కి దారి ఇవ్వకపోతే సర్వరు నడుస్తూనే ఉన్నా బయటి నుంచి అందదు. వీటితోపాటు పీహెచ్‌పీ సెట్టింగుల్లో అప్‌లోడ్ పరిమితి మామూలుగా 2 ఎంబీ, పోస్ట్ పరిమితి 8 ఎంబీ ఉంటాయి. బొమ్మలున్న పీడీఎఫ్ కూడా ఎక్కదు. రెండింటినీ 64 ఎంబీకి పెంచి, అపాచీని (ఎక్సాంప్‌లోని వెబ్ సర్వరు ప్రోగ్రామ్) ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

ప్రతి లెక్చరర్‌కూ ఒక ఖాళీ కోర్సు, అందులో ఎడిటింగ్ టీచర్ హోదా ఇవ్వండి. దాంతోపాటు పరీక్ష రాసి చూసుకోవడానికి ఒక ఉత్తుత్తి విద్యార్థి ఖాతా కూడా ఇవ్వాలి. తన పరీక్ష పిల్లలకు ఎలా కనిపిస్తుందో చూడకుండా ఏ లెక్చరరూ దాన్ని క్లాసుకు తీసుకెళ్లకూడదు.

సెషన్ నడిపే తీరు

తొంభై నిమిషాల సెషన్‌లో చూపించడానికి 20 నిమిషాలు చాలు. అరవై నిమిషాలు వాళ్లు చేయాలి, చివరి పది నిమిషాలు పక్కవాళ్ల పని తెరిచి చూడాలి. మొదటిరోజు కోర్సు పేజీ, ఫైళ్లు, తెలుగు టైపింగ్. రెండు, మూడు రోజులు ప్రశ్నల బ్యాంకు, పరీక్ష. నాలుగోరోజు వీడియో. ఐదోరోజు ఒకరి పరీక్ష ఒకరు రాసి తప్పులు పట్టడం.

తెలుగు మీడియం వాళ్లకు మొదటిరోజే ఒక చిక్కు ఎదురవుతుంది. ఏళ్ల తరబడి అను స్క్రిప్ట్‌లో (డీటీపీ వాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్) కొట్టించిన ప్రశ్నపత్రాలు పెన్‌డ్రైవ్ నిండా ఉంటాయి. అవి యూనికోడ్ కావు కాబట్టి మూడుల్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఫాంటు మార్చితే పోయే సమస్య కాదిది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు, క్ష, రావత్తు ఉన్న మాటలను కంటితో సరిచూడాలి. కొత్తగా టైప్ చేసేవాళ్లకు విండోస్‌లో ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మంచిదే గానీ ఐదు రోజుల్లో చేయి తిరగదు. క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి వాయిస్ టైపింగ్‌ను తెలుగుకు మార్చి చెబితే పని వేగంగా సాగుతుంది. అంకెలు, పరిభాషా పదాలు మాత్రం తర్వాత దిద్దుకోవాలి.

ప్రశ్నల బ్యాంకు

మూడుల్ ఫారంలో ఒక్కో ప్రశ్న నింపుతూ పోతే 30 ప్రశ్నలకు పూట సరిపోదు, విసుగొచ్చి వదిలేస్తారు. ఐకెన్ ఫార్మాట్ నేర్పండి. నోట్‌ప్యాడ్‌లో మామూలుగా టైప్ చేసిన ఫైలును ఒకేసారి ఎక్కించేయవచ్చు. ఒక ప్రశ్న ఇలా ఉంటుంది. మొదటి వరసలో ప్రశ్న: ‘ఇతర పరిస్థితులు మారనప్పుడు వస్తువు ధర పెరిగితే డిమాండ్ పరిమాణం’. రెండో వరసలో ఇంగ్లిష్ పెద్ద ‘ఏ’ అక్షరం, చుక్క, ఒక ఖాళీ, ఆపైన ‘పెరుగుతుంది’. కింది వరసల్లో అదే తీరున బీ ‘తగ్గుతుంది’, సీ ‘మారదు’, డీ ‘సున్నా అవుతుంది’. చివరి వరసలో ఆన్సర్ అనే మాట ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో, వెంటనే కోలన్, ఖాళీ, బీ అక్షరం. తర్వాత ఒక వరస వదిలి రెండో ప్రశ్న. ఫైలు పూర్తయ్యాక క్వశ్చన్ బ్యాంక్‌లో ఇంపోర్ట్ నొక్కి, ఐకెన్ ఎంచుకుని, ఫైలు లాగి వదిలితే సరి.

ఎక్కకపోతే కారణం దాదాపుగా వీటిలో ఒకటై ఉంటుంది:

- ప్రశ్న మధ్యలో ఎంటర్ కొట్టారు. ప్రశ్న ఎంత పొడుగైనా ఒకే వరసలో ఉండాలి.
- ఆప్షన్ల ముందు ఎ, బి, సి అని తెలుగులో రాశారు. మూడుల్ వాటిని గుర్తించదు.
- ఆన్సర్ అనే మాట చిన్నక్షరాల్లో ఉంది.
- వర్డ్‌లో టైప్ చేసి వర్డ్ ఫైలుగానే ఎక్కించారు.
- పాత విండోస్ నోట్‌ప్యాడ్ ఫైలును ఆన్సీలో (తెలుగు అక్షరాలు పట్టని పాత ఎన్‌కోడింగ్) దాచింది. తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, తిరిగి రాదు. సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోవాలి.

షార్ట్ ఆన్సర్ ప్రశ్నలు తెలుగులో పెట్టాలన్న ఉత్సాహం చాలామందికి ఉంటుంది. జాగ్రత్త. పిల్లలు రాసిన జవాబును మీరిచ్చిన జవాబుతో మూడుల్ అక్షరం అక్షరం పోల్చుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట్ తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకరి కీబోర్డు పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. రెండూ సరైనవే అయినా ఒకరికి సున్నా పడుతుంది. ‘పార్లమెంటు’, ‘పార్లమెంట్’ సంగతీ అంతే. రాగల రూపాలన్నీ జవాబులుగా చేర్చగలిగితేనే ఈ రకం పెట్టండి, లేకపోతే బహుళైచ్ఛికమే మేలు.

కృత్రిమ మేధతో ప్రశ్నలు రాయించడం ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. దానికి ఒక పూట ఇవ్వండి, అంతకుమించి అక్కర్లేదు. యూనిట్ పాఠాన్ని అతికించి, దాన్నుంచే ఐకెన్ ఫార్మాట్‌లో పది ప్రశ్నలు ఇమ్మంటే ఇస్తుంది. తర్వాత లెక్చరర్ చూసుకోవాల్సినవి ఉంటాయి: జవాబు నిజంగా సరైనదేనా, సరైన ఆప్షన్ ఒక్కటే మిగతావాటికంటే పొడుగ్గా ఉండి పట్టిస్తోందా, పరిభాష తెలుగు అకాడమీ పుస్తకాల్లోనిదేనా లేక అప్పటికప్పుడు పుట్టించిందా. పది ప్రశ్నల్లో పనికొచ్చేవాటిని ఉంచుకుని మిగతావి నిర్దాక్షిణ్యంగా తీసేయమని చెప్పండి. పిల్లల పేర్లు, మార్కులు మాత్రం అందులో అతికించకూడదు.

పరీక్ష పెట్టడం

ముప్పై ప్రశ్నల్లోంచి పదింటిని యాదృచ్ఛికంగా తీసుకునేలా పెడితే పక్కపక్కన కూర్చున్నవాళ్లకు వేరువేరు ప్రశ్నలు వస్తాయి. ఆప్షన్ల వరస మార్చే షఫుల్ కూడా పెడతాం. ఇక్కడే ఒక పొరపాటు. ‘పైవన్నీ’, ‘ఎ, బి రెండూ’ లాంటి ఆప్షన్లున్న ప్రశ్నలు షఫుల్‌లో చెడిపోతాయి. ‘పైవన్నీ’ మొదటి వరసలోకి వచ్చి కూర్చుంటుంది. బ్యాంకు రాసేటప్పుడే అలాంటి ఆప్షన్లు మానేయాలి.

పరీక్ష మధ్యలో నెట్ పోతే ఏమవుతుందన్నది లెక్చరర్ల మొదటి ప్రశ్న. మామూలు సెట్టింగుల్లో మూడుల్ జవాబులను నిమిషానికోసారి దానంతటదే దాస్తుంది. విద్యార్థి మళ్లీ లాగిన్ అయితే అప్పటిదాకా దాచిన జవాబులు ఉంటాయి. గడియారం మాత్రం ఆగదు. అలాంటి విద్యార్థికి యూజర్ ఓవర్‌రైడ్‌లో (ఒక్క విద్యార్థికి మాత్రమే సమయం మార్చే సెట్టింగు) అదనపు నిమిషాలు ఇవ్వవచ్చు. దీన్ని చెప్పి ఊరుకోకండి. ఐదోరోజు మాక్ పరీక్షలో కావాలని ఒక సిస్టమ్ కేబుల్ పీకి చూపించండి. గంట ఉపన్యాసంతో పోని భయం అక్కడ పోతుంది.

విద్యార్థుల జాబితాను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) ఎక్కించేటప్పుడు ఎక్సెల్ 12 అంకెల హాల్‌టికెట్ నంబరును ఘాతాంక రూపంలోకి మార్చేస్తుంది, క్లాసంతటికీ ఒకే నంబరు వచ్చినట్టు కనిపిస్తుంది. నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చండి. తెలుగు పేర్లుంటే ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ రకంలో దాచండి.

వీడియో

దీనికి స్టూడియో ఏమీ అక్కర్లేదు. తెరను రికార్డు చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, స్లైడ్లతోపాటు గొంతు రికార్డు చేస్తే చాలు. కాలర్ మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి, ఫ్యాను ఆపాలి, ముందు 30 సెకన్లు రికార్డు చేసి వినాలి. రెండు గ్రాఫిక్ కార్డులున్న ల్యాప్‌టాప్‌లో తెర నల్లగా వస్తే విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఓబీఎస్‌ను పవర్ సేవింగ్‌కు మార్చండి. రికార్డింగ్ ఎంకేవీలో పెట్టుకుంటే మధ్యలో కరెంటు పోయినా అప్పటివరకు అయినది దక్కుతుంది. తర్వాత ఫైల్ మెనూలోని రీమక్స్‌తో ఎంపీ4 చేసుకోవచ్చు.

సైజు లెక్క చేసి చూపించండి. 2500 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) దగ్గర ఎనిమిది నిమిషాలు దాదాపు 150 ఎంబీ, 800 దగ్గర 48 ఎంబీ. కదలని స్లైడ్లకు 800 సరిపోతుంది, పిల్లల ఫోన్ డేటా మిగులుతుంది. వీడియోను మూడుల్‌లోకి ఎక్కించకుండా యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇవ్వాలి. లేకపోతే కోర్సు బ్యాకప్ ఫైలు బరువెక్కి, వేరే సర్వరులో రీస్టోర్ చేసేటప్పుడు అప్‌లోడ్ పరిమితి దగ్గర ఆగిపోతుంది.

సర్టిఫికెట్, ఆ తర్వాత

ఐదోరోజు సాయంత్రం ప్రతి ఒక్కరూ తమ కోర్సు బ్యాకప్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాలి. కొత్త వెర్షన్ మూడుల్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో సరిగా తెరుచుకుంటుందన్న భరోసా లేదు. కాబట్టి ల్యాబ్‌లో పెట్టే వెర్షన్ కాలేజీ సర్వరుదే అయి ఉండాలి, లేదా అంతకంటే పాతది.

హాజరు సర్టిఫికెట్‌ను ఐదోరోజే ఇవ్వకుండా, మూడు వారాల్లోపు తన క్లాసుతో ఒక పరీక్ష నిజంగా రాయించాకే ఇస్తామని మొదటి సర్క్యులర్‌లోనే రాయండి. కొందరు గొణుగుతారు, గొణగనివ్వండి. రుజువుకు ఫొటోలు అక్కర్లేదు. ఆ పరీక్ష గ్రేడ్ రిపోర్టులో ఎంతమంది రాశారో, ఏ తేదీన రాశారో ఉంటుంది. దాన్నే ప్రింటు తీసి ఐక్యూఏసీ (కాలేజీలోని అంతర్గత నాణ్యతా విభాగం) ఫైల్లో పెట్టుకోవచ్చు. రెండు వారాలయ్యాక అదే ల్యాబ్‌లో గంటన్నర సందేహాల సెషన్ పెట్టండి, ఉపన్యాసం లేకుండా. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఆ ఒక్కరూ బదిలీ అయితే సైటంతా తాళం పడినట్టే. ఇద్దరికి అడ్మిన్ హక్కు ఇచ్చి, ఎవరెవరికి ఇచ్చారో ప్రిన్సిపాల్ దగ్గరి రిజిస్టరులో రాయించండి.