కిడ్నీ డాప్లర్‌కి ముందు జాగ్రత్తలు

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి పెద్దవాళ్ళని ఈ స్కాన్‌కి, అంటే కిడ్నీకి రక్తం ఎలా వెళ్తోందో చూసే అల్ట్రాసౌండ్‌కి, చెన్నై తీసుకొచ్చేవాళ్ళు ఇవి చూసుకోండి.

– 6 నుంచి 8 గంటలు పరగడుపున ఉండాలి, ఇదే అన్నిటికంటే ముఖ్యం, కిడ్నీకి రక్తం తీసుకెళ్ళే నాళాలు బాగా లోపల ఉంటాయి, పేగుల్లో గ్యాస్ ఉంటే అల్ట్రాసౌండ్ అక్కడే ఆగిపోతుంది, అందుకే సెంట్రల్‌లో దిగగానే పొంగల్, కాఫీ అనకండి, ముందురాత్రి శనగలు, సోడా వద్దు, పొద్దున చూయింగ్ గమ్ కూడా వద్దు.

– బీపీ మాత్ర మీ అంతట మీరు మానెయ్యకండి, మామూలుగా గుక్కెడు నీళ్ళతో వేసుకోవచ్చు. షుగర్ వాళ్ళు మాత్రం ఇన్సులిన్ సంగతి డాక్టర్‌ని ముందే అడిగి, పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి.

– మధ్యమధ్యలో ఊపిరి బిగబట్టమంటారు, ఇంట్లోనే కొంచెం అలవాటు చేయించండి. లోపల తమిళంలో చెప్తే పెద్దవాళ్ళు కంగారుపడతారు, పక్కన ఉండనిస్తారేమో అడగండి.

– పాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టులు, పాత స్కాన్‌లు తప్పకుండా పట్టుకెళ్ళండి.

– సూది లేదు, రేడియేషన్ లేదు, అది ముందే చెప్పండి పెద్దవాళ్ళకి.