ఐరిష్ కాఫీలో క్రీమ్ మునిగిపోకుండా ఎలా నిలిచిందంటే (నా అనుభవం)

ఐరిష్ కాఫీ (విస్కీ కలిపిన వేడి కాఫీ మీద చల్లటి క్రీమ్ తేలేలా పోసే పానీయం) ఇంట్లో కలిపితే, పైన తెల్లగా నిలవాల్సిన క్రీమ్ కిందికి దిగి అంతా పాల కాఫీలా అయిపోతోందని చాలామంది అడుగుతున్నారు. నాకూ అదే సమస్య. క్రీమ్ ఎక్కువ పోయడం, పంచదార తగ్గించడం, గట్టిపడేదాకా గిలక్కొట్టడం, ఏదీ కుదరలేదు.

కుదిరిన పద్ధతి ఇది. ముందు గ్లాసులో వేడినీళ్లు పోసి, అది వేడెక్కాక పారబోశాను. రెండు టీస్పూన్ల బ్రౌన్ షుగర్ వేసి, పాలు లేని చిక్కటి వేడి కాఫీ 120 మి.లీ. పోసి, పూర్తిగా కరిగేదాకా కలిపాను. పంచదార మానేయకండి, దానివల్లే కాఫీ సాంద్రత పెరిగి క్రీమ్ తేలుతుంది. తర్వాత 40 మి.లీ. ఐరిష్ విస్కీ.

అసలు కిటుకు క్రీమ్‌లోనే ఉంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన, 35 శాతం కొవ్వున్న క్రీమ్‌ని పెద్ద బుడగలు పోయి కాస్త చిక్కబడేదాకా మాత్రమే గిలక్కొట్టాను. గిన్నె వంచితే ఇంకా మెల్లగా జారాలి. గ్లాసులో కాఫీ తిరగడం ఆగాక, చెంచా బోర్లించి కాఫీకి ఆనించి, దాని వీపు మీదుగా నెమ్మదిగా పోశాను. చక్కగా నిలిచింది! ఆపైన కలపకూడదు, చల్లటి క్రీమ్ గుండా వేడి కాఫీ నోటికి రావడమే దీని రుచి.

తక్కువ కొవ్వున్న క్రీమ్‌తోనో, పంచదార లేకుండానో ఇలాగే వస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను.