ఊరు మారాక నార్మల్ డెలివరీకి ఆసుపత్రి వెతికే ముందు

• ఏడో నెల నిండకముందే మొదలెట్టండి. పాత స్కాన్‌లు, రక్తపరీక్షలు, తల్లీబిడ్డల కార్డు ఒకే ఫైల్లో ఉండాలి.

• "నార్మల్ చేస్తారా?" అని అడక్కండి, అందరూ చేస్తామనే అంటారు. పోయిన నెల తొలి కాన్పుల్లో సిజేరియన్లు ఎన్నో అడగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లే! నొప్పుల్లో నడవనిస్తారా, అమ్మనో అక్కనో పక్కన ఉండనిస్తారా? "అప్పుడు చూద్దాం లెండి" అంటే నేనైతే ఇంకోచోటు చూసుకుంటా.

• ప్రభుత్వాసుపత్రిని చూడకుండా కొట్టిపారేయకండి. తెలంగాణలో కొన్నిచోట్ల శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు (నార్మల్ కాన్పులు చేసే నర్సులు) ఉన్నారు.

• అర్ధరాత్రయినా మత్తు డాక్టరు, రక్తం దొరకాలి. బీపీ పెరిగితే నార్మలే కావాలని పట్టుబట్టొద్దు. రక్తం పోయినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే 108కి ఫోన్ చేయండి.