విల్లు బద్ద మొండికేస్తే: లోపం ఎక్కడ, సర్దడం ఎలా

కర్నూలు, అనంతపురం ఎండల్లో విల్లు చేసేవారి చిక్కులు చాలావరకు చెక్కలోని తేమతోనే మొదలవుతాయి. కాచి వంచేటప్పుడు విరిగితే అందరూ మంటను తిడతారు. నిజానికి తప్పు బద్దను ఆరబెట్టిన చోటే జరిగి ఉంటుంది. ఇక్కడ చెప్పేది తడ చెట్టు కర్రకూ, నల్లమల చెంచుల విల్లుల్లో కనిపించే వెదురుకూ వర్తిస్తుంది. కర్ర మాత్రం టింబర్ డిపోలోనో సొంత గట్టు మీదో చూసుకోండి. పులుల అభయారణ్యంలో కొట్టుకొచ్చిన బద్దతో వచ్చే చిక్కుకు నా దగ్గర పరిష్కారం లేదు.

కొసల్లో నెర్రెలు

తేమ పక్కల నుంచి కంటే కొసల నుంచి చాలా వేగంగా పోతుంది. మే నెలలో మిద్దె మీద పెడితే నెర్రెలు రాక మానవు. కోసిన రోజే రెండు కొసలకూ మైనమో రంగో దట్టంగా పూసి, నీడలో ఆరబెట్టాలి. వచ్చిన నెర్రెను బంకతో పూడ్చడం వృథా, కొస కోసేయాల్సిందే. అందుకే ముందే చెరోవైపు జానెడు ఎక్కువ ఉంచుకోవాలి.

వంచుతుండగా వీపు మీద పేడు లేచింది

వీపంటే ఎక్కుపెట్టినప్పుడు గురి వైపు ఉండే ముఖం. లాగుడంతా దాని మీదే పడుతుంది. మొదట చెక్కలోని నార గీతలు చూడండి. అవి కొస నుంచి కొసకు సాగకుండా మధ్యలోనే పక్కకు జారి అంచులో ముగిస్తే, చిత్రిక అక్కడ నారను తెగ్గోసిందన్నమాట. ఆ బద్ద నమ్మదగ్గది కాదు. చెక్కడమంతా కడుపు వైపే, అంటే విలుకాడి వైపు ఉండే ముఖం మీదే సాగాలి. వెదురులో నున్నటి పై తొక్కే వీపు, కణుపుల ఉబ్బును కూడా ముట్టకూడదు.

గీతలు బాగున్నా పేడు లేస్తే బద్ద మరీ ఎండిపోయిందని అర్థం. విల్లుకు 8 నుంచి 10 శాతం తేమ కావాలి. మన వేసవి గాలికి అది ఇంకా దిగిపోతుంది. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచండి. బరువు తగ్గడం ఆగితే గాలికి తగ్గట్టు ఆరినట్టు. వేసవిలోనే ఆగిందంటే తొలకరి దాకా ఓపిక పట్టడం మేలు.

కర్రకు ఆవిరి చాలకపోయినా ఇదే జరుగుతుంది. అంగుళం మందానికి గంట పట్టాలి, తీసిన నిమిషంలోపే కావలసిన వంపున్న అచ్చుకు బిగించాలి. వీపుకు పలుచని ఇనుప పట్టీ ఆనిస్తే ఇంకా భద్రం. వెదురుకు ఆవిరి అక్కర్లేదు. నిప్పుల మీద కాస్త ఎత్తున ఆడిస్తూ కాచి, మెల్లగా వంచి, తడిగుడ్డతో తుడిస్తే వంపు నిలుస్తుంది. నల్లబడితే ఆ చోటు చచ్చినట్టే.

వంపు నిలవడం లేదు

అచ్చు నుంచి తొందరపడి తీశారు. వారమైనా ఉంచండి, మొదటే కావలసినదానికంటే కాస్త ఎక్కువ వంచండి. ఆరకముందు నారి కట్టొద్దు.

ఒకేచోట మడత పడుతోంది

ఎక్కువమంది విల్లు ఇక్కడే పాడవుతుంది, ఎందుకంటే కంటికి కనిపించే ఆ మడత చుట్టే చెయ్యి తిరుగుతుంది. వంగుతున్న చోటు ఇప్పటికే పలచబడింది, దాన్ని వదిలేయండి. బిగుసుకున్న చోట్లు పట్టుకోవాలి. జానెడు చదునైన చెక్కకు మధ్యలో బెజ్జం చేసి పెన్సిల్ ముక్క దూర్చండి. విల్లును కొద్దిగా వంచి, కడుపు మీద బాగా వంగిన చోట చెక్కను ఆనించి, ములుకు అంటీ అంటనట్టు సర్ది, ఆ పొడవునా జరపండి. గీత పడిన చోటల్లా బిర్రుగా ఉన్నట్టు. అక్కడ మాత్రమే గాజుపెంకుతో నాలుగైదు సార్లు గీకి, సగం దూరానికి పాతిక సార్లు లాగి, మళ్లీ చూడాలి. లాగకుండా గీకుతూ పోతే చెక్క మార్పు చూపించేలోపే పలచబడిపోతుంది.

కడుపు వైపు అడ్డంగా సన్న ముడతలు

అక్కడ చెక్క నలిగింది. అటూ ఇటూ పక్కలను కొంచెం గీకి భారం పంచండి, లాగుడు తగ్గించుకోండి. గోరు దిగేంత లోతుంటే ఆ విల్లును ఎక్కుపెట్టొద్దు.

కొస మెలి తిరిగింది

మెలి ఉన్నచోటనే కాచి, ఎదురు దిక్కుకు కాస్త ఎక్కువగా తిప్పి, చల్లారేదాకా బిగించి ఉంచాలి. తర్వాత కూడా నారి పిడి నడుమగా సాగకపోతే నారి తగిలించే కొప్పు గాటును ఆకురాయితో ఓ పక్క లోతు చేస్తే సర్దుకుంటుంది.