నాటు కుక్కకు అజిలిటీ నేర్పడం ఎలా? సీ-సా బల్ల దగ్గర తొందరపడకండి

దత్తత తెచ్చుకున్న నాటు కుక్కతో అజిలిటీ, అంటే కుక్క చేత వరసగా అడ్డంకులు దాటించే ఆట, మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది సీ-సా బల్ల దగ్గరే ఆగిపోతారు. "వీధి కుక్క కదా, దానికి భయమెక్కువ" అని తేల్చేస్తారు. తప్పు కుక్కది కాదు, నేర్పినవాళ్లది. ఈ ఆట 1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ కుక్కల షోలో పుట్టింది. పోటీల మధ్య ఖాళీలో జనానికి కాలక్షేపం కోసం, గుర్రాల జంపింగ్ చూసి పెట్టారు. హర్డిల్ దూకడం, టన్నెల్‌లో దూరడం, పాతిన కర్రల మధ్య మెలికలు తిరగడం, బల్లలు ఎక్కి దిగడం. ఇందులో జాతి సర్టిఫికెట్‌తో పనేముంది? సన్నటి నడుము, తేలికైన ఒళ్లు ఉన్న మన కుక్క బొద్దు లాబ్రడార్ కంటే నయం.

సామాను గురించి పెద్దగా ఆలోచించకండి. హర్డిల్‌కు రెండు ఇటుకల దొంతరలు, వాటి మీద తగిలితే కింద పడిపోయే పీవీసీ పైపు. టన్నెల్‌కు పిల్లలు ఆడుకునే గుడ్డ గొట్టం. నల్గొండ చుట్టుపక్కల బత్తాయి తోటలున్న వాళ్లను అడిగితే పాత పైపు ముక్కలు ఊరికే ఇస్తారు. తాయిలంగా ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్ కార్జం, చిన్న చిన్న ముక్కలు. బిస్కెట్లు వద్దు.

రేబిస్ టీకా వేయించి, గోమార్లు లేకుండా చూసుకుని, డాక్టరుకు ఒకసారి చూపించాకే మొదలుపెట్టాలి. ఏడాదిన్నర నిండేదాకా ఎత్తు దూకించొద్దు, ఎముకలు ముదరాలి. ఎండాకాలంలో పొద్దున ఏడు దాటితే ప్రాక్టీసు బంద్. చేతి వెనుక భాగం నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల కుక్క పాదాలకూ పనికిరాదు. హర్డిల్, టన్నెల్ వారం పది రోజుల్లో వచ్చేస్తాయి, వాటి గురించి చెప్పేదేమీ లేదు.

ఇక సీ-సా. పోటీ బల్ల 3.6 మీటర్లకు పైగా పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. నడుమ ఆధారం 60 సెంటీమీటర్ల ఎత్తు. ఇంట్లోకైతే బోరు కేసింగ్ పైపు ముక్క మీద వెడల్పాటి చెక్క పెట్టి, జారకుండా పైన గోనెపట్టా కొట్టండి. దయచేసి మున్సిపల్ పార్కులో పిల్లల సీ-సా ఎక్కించకండి. ఆ ఇనుప బద్దె ఇరుకు, ఎండకు కాలుతుంది, దబ్బున పడుతుంది.

ఇక్కడ కుక్కను భయపెట్టేవి రెండు: నడుమ దాటగానే కాళ్ల కింద బల్ల కదలడం, చివర్లో దాని కొస నేలకు తగిలి వచ్చే చప్పుడు. రెండూ ఒకేసారి ఎదురైతే వీధిలో రాళ్లు, కర్రలు తిన్న కుక్క మళ్లీ ఆ బల్ల వైపు చూడదు. అందుకే ముందు చప్పుడు నేర్పాలి, తర్వాతే కదలిక.

బల్ల ఒక కొసను ఇటుక మందం ఎత్తులో ఉంచి, కింద మడిచిన గోనె సంచి వేయండి. కుక్క పైకి ఎక్కొద్దు, పక్కన నిలబడి ముందుకాలితో కొసను నొక్కాలి. "థప్" అనగానే కార్జం ముక్క. ఆ చప్పుడు తానే చేస్తున్నానని దానికి తెలిస్తే భయం ఆటగా మారుతుంది. కొసను పదే పదే కొట్టి మీ ముఖం వైపు చూస్తుంటే సంచి మడతలు ఒక్కొక్కటే తగ్గించండి.

తర్వాత కదలిక. దిగే కొస కింద స్టూలు పెట్టి, రెండంగుళాలకు మించి దిగకుండా ఆపండి. కుక్క కొస దాకా నడిచి, వెనుక కాళ్లు చెక్క మీద, ముందు కాళ్లు స్టూలు మీద పెట్టి ఆగాలి. తాయిలం అక్కడే, ఆగాకే. ముక్కు ముందు పట్టుకుని లాక్కెళ్లడం వీడియోల్లో బాగానే కనిపిస్తుంది కానీ, కుక్క చూపంతా చేతి మీదే ఉంటుంది, కాళ్లెక్కడున్నాయో దానికే తెలియదు. బెల్టు పట్టి లాగడం అంతకంటే పాపం. ఎత్తు పెంచేటప్పుడు ఇంకొకరు దిగే కొసను చేత్తో పట్టి మెల్లగా దించాలి. రోజుకు మూడు నాలుగు సార్లు చాలు.

మూతి నాకడం, ఆవలించడం, తోక కాళ్ల మధ్య దూర్చడం కనిపిస్తే ఎత్తు ఎక్కువైందన్నమాట. మధ్యలో దూకేస్తే తిట్టొద్దు, అదే ఎత్తులో మళ్లీ చేయించొద్దు. హర్డిల్ ఒకటి దూకించి ఆ రోజుకు ఆపేయండి. మర్నాడు మళ్లీ ఇటుక మందం నుంచే.

పోటీకి పేరిచ్చే ముందు నాటు కుక్కలను రానిస్తారా అని నిర్వాహకులను అడగండి. అంతర్జాతీయ కుక్కల సంఘాల సమాఖ్య (ఎఫ్‌సీఐ) నిబంధనల ప్రకారం కుక్కకు 18 నెలలు నిండాలి. టీకా కార్డు, నీళ్ల గిన్నె వెంట ఉండాలి. అక్కడి బల్ల మీ ఇంటి బల్లలా ఉండదు. ముందే దూరం నుంచి వేరే కుక్కలు దాన్ని దాటుతుంటే ఆ చప్పుడు విననివ్వండి. మీ వంతులో జంకితే బలవంతం చేయకుండా పక్క నుంచి తీసుకెళ్లిపోండి. డిస్‌క్వాలిఫై చేస్తారు, చేయనీండి.